ఒకటి, ఆరు

మా సెక్షన్‌లో మార్కులు ఇంగ్లీషులో చదవడానికి వీల్లేదు. డిగ్రీ పరీక్షల మార్కులు టాబ్యులేషన్ రిజిస్టర్‌లోకి ఎక్కించే రోజుల్లో ఒకరు అవార్డు లిస్టు, అంటే పేపర్లు దిద్దినవాళ్లు మార్కులు వేసి పంపిన జాబితా, చూసి పైకి చదివితే ఎదురుగా కూర్చున్నవాళ్లు రాసుకునేవాళ్లు. పైన ఫ్యాన్ల చప్పుడు, పక్క బల్లల దగ్గర అదే పనిలో ఉన్న మరో పదిమంది గొంతులు. ఆ రొదలో ‘సిక్స్‌టీన్’ అన్నా ‘సిక్స్‌టీ’ అన్నా చెవిన ఒకేలా పడుతుంది. అందుకని అంకెకు అంకె విడదీసి తెలుగులో చదవాలి. పదహారైతే ‘ఒకటి, ఆరు’. అరవై అయితే ‘ఆరు, సున్నా’. ఉర్దూ వాళ్లిద్దరూ ఎదురెదురుగా కూర్చుంటే ‘ఏక్, ఛే’. ఒక పేజీ అయ్యాక చదివినవాళ్లు రాయాలి, రాసినవాళ్లు చదవాలి. రెండోసారి సరిచూసుకుని పెన్సిల్‌తో టిక్కు పెట్టాకే పేజీ తిప్పాలి.

ఈ పద్ధతి పెట్టింది మా సూపరింటెండెంట్ సార్. ఆయన తర్వాత అసిస్టెంట్ రిజిస్ట్రార్ అయ్యారు, 1998లో డిప్యూటీ రిజిస్ట్రార్‌గా రిటైరయ్యారు. అయినా ఉస్మానియా యూనివర్సిటీ ఎగ్జామినేషన్ బ్రాంచిలో అటెండర్ల నుంచి ఆఫీసర్ల దాకా ఆయనను చివరి రోజు వరకూ సూపరింటెండెంట్ సార్ అనే పిలిచాం. ఇక్కడా అలాగే రాస్తాను. ఎక్కడా తన పేరు కనబడాలని ఆయన ఎన్నడూ కోరుకోలేదు.

నేను ఆయనను మొదటిసారి చూసింది ఆఫీసులో కాదు, మా ఇంట్లో. మా నాన్న అదే బ్రాంచిలో అటెండరు. పరీక్షల సీజన్‌లో లక్క సీలు వేసిన బస్తాలు మోసీ మోసీ భుజం మీద కాయ కాచింది ఆయనకు. 1982లో గుండెపోటుతో పోయారు. నాకప్పుడు ఇరవై ఏళ్లు, ఇంటర్ పాసై ఇంట్లో ఉన్నాను. పదకొండో రోజు దాటాక ఒక సాయంత్రం మాణికేశ్వరి నగర్‌లో మా రేకుల ఇంటి ముందు సైకిల్ ఆగింది. తెల్ల పాంటు, తెల్ల చొక్కా, హ్యాండిల్‌కు గుడ్డ సంచీ. అమ్మ లేచి నిలబడబోతే ‘కూసో వదినా’ అని, తనే నులక మంచం మీద కూర్చుని సంచీలోంచి కాగితాలు తీశారు. కారుణ్య నియామకం దరఖాస్తు. ఎక్కడ ఏం రాయాలో అడిగి అడిగి తనే నింపారు. అమ్మతో వేలిముద్ర వేయించుకుని, తన జేబురుమాలు తీసి ఆమె బొటనవేలికి అంటిన సిరా తుడిచారు. ‘ఈ కాయితం నేను రేపు నా చేతుల మీదనే ఇస్తా. మీరు ఎవలింటికీ తిరగొద్దు’ అన్నారు. ఎవరింటికీ తిరగలేదు. నాలుగు నెలల్లో ఆర్డరు వచ్చింది.

చేరిన మొదటి రోజున నా చేతికి పని ఇవ్వలేదు. రికార్డు రూముకు తీసుకెళ్లారు. నేల నుంచి కప్పు దాకా ఇనుప అరలు, గుడ్డ అట్టల రిజిస్టర్లు. తడి కాగితం, వేపాకు, దుమ్ము కలిసిన వాసన. ‘బిడ్డా, మన ఆర్ట్స్ కాలేజీ బిల్డింగ్‌ను చూడనీకి ఎక్కడెక్కడి నుంచో వస్తరు. దానికి పునాది 1934ల పడ్డది, 1939 డిసెంబర్‌ల తెరిశిన్రు. యూనివర్సిటీ 1918లనే షురూ అయింది, నిజాం కాలేజీ పక్కపొంటి బిల్డింగులల్ల. అంటే ఈ రిజిస్టర్లు ఆ బిల్డింగు కన్నా పెద్దయి. దానికి దండం పెట్టినా పెట్టకున్నా వీటికి పెట్టు’ అన్నారు. నేను నిజంగానే చేతులు జోడించాను. ఆయన నవ్వలేదు. ఆయన కూడా రోజూ పొద్దున తాళం తీయగానే గడపకు అలాగే దండం పెడతారని తర్వాత తెలిసింది.

వానలు పడకముందే ఏటా ఆ అరలన్నీ దులిపించి, ఎండబెట్టిన వేపాకు రిజిస్టర్ల మధ్య పెట్టించేవారు. ఆ పని అటెండర్లకు చెప్పి తను కుర్చీలో కూర్చునే మనిషి కాదు. ముక్కుకు రుమాలు కట్టుకుని నిచ్చెన ఎక్కేవారు.

1962లో లోయర్ డివిజన్ క్లర్కుగా చేరారట. అప్పుడు తెలంగాణ జిల్లాలన్నిటికీ ఉస్మానియానే దిక్కు. ఆదిలాబాద్ కాలేజీ పేపర్లయినా, ఖమ్మం పేపర్లయినా ఇక్కడికే రావాలి. 1976లో వరంగల్లులో కాకతీయ యూనివర్సిటీ వచ్చేదాకా అదే తీరు. పాత సీనియర్లు ఆ రోజుల గురించి చెబుతూ ఎండాకాలంలో నెల రోజులు ఇంటి మొహం చూసేవాళ్లం కాదనేవారు. ఆయన అలా చెప్పుకోగా నేను వినలేదు. ఆ రోజుల్లోంచి ఆయన ఇష్టంగా చెప్పిన సంగతి ఒకటే ఉంది. వైస్ చాన్సలర్ డి.ఎస్. రెడ్డి గారిని పదవిలోంచి తప్పించే వీలుండేలా 1966లో ప్రభుత్వం యూనివర్సిటీ చట్టాన్ని సవరించింది. విద్యార్థులు వీధుల్లోకి వచ్చారు. కేసు సుప్రీంకోర్టుకెళ్లింది, 1967లో ఆ సెక్షన్ చెల్లదని తీర్పు వచ్చింది. ‘ఆ దినం మేం క్లర్కులం కూడ తలెత్తుకున్నం బిడ్డా. యూనివర్సిటీ అంటే సెక్రటేరియట్‌ల ఒక సెక్షన్ కాదని అందరికీ తెలిసింది’ అనేవారు. నాకు అప్పట్లో ఆ మాట అంతగా పట్టలేదు. ఫలానా వాళ్ల అబ్బాయి మార్కులు చూసి చెప్పమని పైనుంచి ఫోన్లు వచ్చినప్పుడు ‘రిజల్ట్ డేట్ నాడు పేపర్‌ల వస్తది సార్’ అని ఆయన మెల్లగా రిసీవర్ పెట్టేయడం చూసి చూసి పట్టింది.

ఇక నా తప్పు సంగతి.

1985 వేసవి. బి.ఏ. సెకండియర్ రిజిస్టర్లు. రాత్రి ఎనిమిది దాటింది. నేనూ నా జోడీ ఇంకో నాలుగు పేజీలు అయితే ఇంటికి పోవచ్చన్న తొందరలో ఉన్నాం. సార్ పరీక్షల కంట్రోలర్ గారి గదిలో ఉన్నారు. ఇంగ్లీషులో గబగబా చదివేసుకున్నాం. రెండోసారి సరిచూడకుండానే టిక్కులు పెట్టేశాం. ఫలితాలు వచ్చాయి, మెమోలు వెళ్లాయి, నేను మరిచిపోయాను.

రెండు నెలల తర్వాత పోచంపల్లి వైపు నుంచి ఒక పెద్దమనిషి వచ్చాడు. నేతపని చేసేవాడు, వేళ్ల సందుల్లో ఎరుపు, నీలం రంగులు ఇంకిపోయి ఉన్నాయి. కూతురి ఎకనామిక్స్ పేపర్లో పదహారు వచ్చాయి. ‘నా బిడ్డ ఫేలయ్యేది కాదు సారూ. అన్నిట్ల అరవై, డెబ్బై తెచ్చుకున్నది, గీ ఒక్కదాంట్ల పదారు ఎట్లొస్తయి?’ అని కౌంటర్ దగ్గర అడుగుతున్నాడు. రీకౌంటింగ్ గడువు దాటిపోయింది. వాళ్ల కాలేజీ వాళ్లు మెమో ఇవ్వడమే గడువు దాటాక ఇచ్చారట. కౌంటర్‌లో ఉన్నతను ఇక చేసేదేమీ లేదని చెప్పాడు. రూలు ప్రకారం అతను చెప్పింది సరైనదే.

సార్ తన బల్ల దగ్గర్నుంచి ఆ మాటలు విన్నారు. ఆయనను లోపలికి పిలిచి, కూర్చోబెట్టి, నీళ్లు తెప్పించి మెమో అడిగి తీసుకున్నారు. చాలాసేపు చూశారు. ‘గడువు దాటింది రీకౌంటింగ్‌కు. మన రిజిస్టర్ మనం చూసుకునేదానికి గడువు లేదు’ అని కౌంటర్ అతనితో అన్నారు. అక్కడికక్కడే నోట్ రాసి, కంట్రోలర్ గారి సంతకం తీసుకుని, సీలున్న కవర్ తెప్పించి ఇద్దరి ముందు తెరిచారు. అవార్డు లిస్టులో ఆరు, సున్నా. రిజిస్టర్‌లో ఒకటి, ఆరు. పేజీ కింద పెన్సిల్ టిక్కు పక్కన నా పొట్టి సంతకం.

నాకు కాళ్లలో సత్తువ పోయింది. ఆయన నా వైపు చూడలేదు. ఎర్ర సిరా పెన్ను తీసి నా చేతికిచ్చారు. ‘పాత అంకె మీద ఒకటే గీత కొట్టు. చెరపొద్దు, దిద్దొద్దు. పాతది కనబడాలె. పైన కొత్తది రాసి సంతకం చేసి తారీఖు వెయ్యి.’ నేను రాశాక పక్కన తనూ, ఆపైన కంట్రోలర్ గారూ సంతకం చేశారు. కొత్త మెమో నాతోనే రాయించి, నాతోనే ఆయన చేతికి ఇప్పించారు. ఆ తండ్రి మెమోను కళ్లకద్దుకుని నాకు దండం పెట్టాడు. నా తప్పుకు ఆయన దండం! ఆ క్షణం ఇప్పటికీ నన్ను నిద్రలో లేపుతుంది.

నోట్ ఫైల్లో ఆయన ఏం రాశారో ఆ తర్వాతి ఏడాది ఫైలు నా చేతికి వచ్చినప్పుడు చూశాను. మార్కులు సరిచూసే పని తన పర్యవేక్షణలో జరిగిందనీ, పొరపాటు బాధ్యత తనదనీ రెండు వాక్యాలు. నా పేరు ఎక్కడా లేదు. దానికి ఆయనను సంజాయిషీ అడిగారు, ఇచ్చారు. నాతో ఒక్కసారి కూడా ఆ ఊసెత్తలేదు.

అక్కడితో వదిలేశారా అంటే, లేదు. ఆ సాయంత్రమే మా ఎనిమిది మందిని కూర్చోబెట్టి, నేనూ నా జోడీ ఆ సీజన్‌లో రాసిన పేజీలన్నీ అవార్డు లిస్టులతో మళ్లీ పోల్చమన్నారు. ‘ఒక్కరు ఇక్కడిదాక వచ్చి అడిగిన్రు. బస్సు కిరాయికి పైసలు లేక ఇంట్లనే ఏడ్చినోళ్లు ఉంటే?’ అన్నారు. రెండు రోజులు పట్టింది. ఒకటి, ఆరు. ఆరు, సున్నా. నాలుగు, ఏడు. గొంతులు పోయాయి. ఇంకో తప్పు దొరకలేదు. ఆఖరి పేజీ మూసేసరికి రాత్రి పదయింది. అందరికీ చాయ్ తెప్పించి, అప్పుడు చెప్పారు వాళ్ల నాన్న సంగతి.

ఆయన తండ్రి భువనగిరి అవతల ఒక ఊరికి పట్వారీ. నిజాం కాలం పహాణీలు, అంటే ఊరి భూముల లెక్కలు, ఉర్దూలో ఉండేవి. సాగు చేసేది ఎవరు, పట్టా ఎవరిది, ఎంత విస్తీర్ణం, అన్నీ ఆ కాగితంలో ఎలా ఉంటే అలాగే. ఒక ఏడు ఒక పేరు రావలసిన చోట ఇంకో పేరు పడింది. అది పొరపాటా, కావాలని జరిగిందా అన్నది సార్ చెప్పలేదు, నేను అడగలేదు. ఆ పేరు పోయిన కుటుంబం భూమి పోగొట్టుకుని ఊరు విడిచి వెళ్లింది. వెళ్లేముందు ఆ ఇంటాయన వచ్చి వాళ్ల వాకిట్లో కూర్చున్నాడట. ఏమీ అనలేదు, అడగలేదు. పొద్దు గూకేదాకా కూర్చుని లేచిపోయాడట. ‘అప్పుడు నాకు ఎనిమిదేండ్లు. ఆ మనిషి వీపు ఇప్పటికీ యాదికుంది. రాసేటోని చేతిల ఉన్నది రాయించుకునేటోని అమానత్ బిడ్డా’ అన్నారు. అమానత్ అంటే నమ్మి మన దగ్గర దాచుకోమని ఇచ్చిన సొమ్ము. సార్ ఆ మాటను తెలుగులోకి మార్చి ఎన్నడూ అనలేదు.

తండ్రి దగ్గర నేర్చుకున్న ఉర్దూ ఆయనకు రికార్డు రూములో పనికొచ్చింది. 1956కు ముందు హైదరాబాద్ రాష్ట్రంలో గుల్బర్గా, బీదర్, ఔరంగాబాద్, నాందేడ్ కూడా ఉండేవి కదా. అక్కడి పెద్దవాళ్లు, తమ సర్టిఫికెట్ పోయిందనో, వయసు రుజువు కావాలనో డెబ్బై ఏళ్ల వయసులో మనవణ్ని వెంటబెట్టుకుని వచ్చేవారు. వాళ్లు చెప్పే ఏడాది ఫసలీలో, అంటే నిజాం కాలం సర్కారీ లెక్కల సంవత్సరంలో, ఉండేది. మాకు తల తిరిగిపోయేది. సార్ మాత్రం ‘ఫసలీకి 590 కలుపు, అక్టోబర్ నుంచి లెక్కపెట్టు’ అనేవారు. 1354 ఫసలీ అంటే 1944 అక్టోబర్ నుంచి 1945 అక్టోబర్ దాకా. అది కాగితం మీద రాసి నా బల్ల అద్దం కింద పెట్టించారు, నేను రిటైరయ్యేదాకా అక్కడే ఉంది. గొలుసుకట్టు ఉర్దూ రాతను భూతద్దంతో ఒక్కొక్క పేరూ పైకి చదువుకుంటూ వేలు జరిపేవారు. గుల్బర్గా నుంచి వచ్చిన ఒక పెద్దాయన, తన పేరు, తన తండ్రి పేరు సార్ నోటి వెంట వినగానే, రిజిస్టర్ మీద చెయ్యి పెట్టి కాసేపు తీయలేదు. సార్ కూడా ‘తీయండి’ అనలేదు. రిజిస్టర్ మీద ఎవరినీ చెయ్యి పెట్టనివ్వని మనిషి.

ఉస్మానియా గురించి గొప్పగా మాట్లాడేటప్పుడు ఆయన మర్చిపోకుండా చెప్పే మాట ఇంకోటి ఉంది. 1938లో వందేమాతరం పాడినందుకు ఇక్కడి హాస్టళ్ల నుంచి, తరగతుల నుంచి పంపించేసిన విద్యార్థుల్లో చాలామందిని నాగపూర్ విశ్వవిద్యాలయం చేర్చుకుంది. పి.వి. నరసింహారావు గారూ ఆ ఉద్యమం వల్లే నాగపూర్ వెళ్లారు. ‘ఇక్కడి ఆఫీసు తలుపు మూసింది, అక్కడి ఆఫీసు తెరిచింది. కాయితాలు రెండు చోట్లా ఒకటే’ అనేవారు. మాల్‌ప్రాక్టీస్ కేసుల, అంటే పరీక్షల్లో కాపీ కొట్టి దొరికినవాళ్ల, ఫైళ్లు రాసి పైకి పంపే కుర్ర క్లర్కులకు ముందుగా ఈ సంగతి చెప్పేవారు. తప్పు చేసినవాణ్ని వదిలేయమని ఎన్నడూ అనలేదు. ఆ పిల్లవాడు చెప్పుకున్నది మొత్తం ఫైల్లో ఉండాలని మాత్రం పట్టుబట్టేవారు.

నన్ను డిగ్రీ చదివించింది కూడా ఆయనే. 1982లోనే మన రాష్ట్రంలో ఓపెన్ యూనివర్సిటీ పెట్టారు, దేశంలో అదే మొదటిది. ఉస్మానియాలో వైస్ చాన్సలర్‌గా చేసిన జి. రాంరెడ్డి గారు దానికి మొదటి వైస్ చాన్సలర్. బడి మెట్లెక్కని వాళ్లయినా అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరవచ్చన్నది అప్పట్లో మా ఆఫీసులో చాలామందికి మింగుడుపడలేదు. ఇదేం డిగ్రీ అని కొందరు పెదవి విరిచారు. సార్‌కు మాత్రం అది పండగ. బ్రాంచిలో టెన్త్ తప్పిన అటెండర్ల దగ్గరికి, ఇంటర్‌తో ఆగిపోయిన మాలాంటి వాళ్ల దగ్గరికి అప్లికేషన్లు పట్టుకుని తిరిగారు. మా అమ్మతో ‘వదినా, ఆదివారం ఈ పిల్లకు పని చెప్పకు, క్లాసు ఉంటది’ అని ఇంటికొచ్చి చెప్పి వెళ్లారు. బి.ఏ. అయ్యాక నాకు ప్రమోషన్ వచ్చింది. మా నాన్న మోసిన బస్తాలకు సీలు వేసే సెక్షన్‌కే నేను సూపరింటెండెంట్‌నయ్యాను.

ఇంటి విషయంలో ఆయన మీద నాకు కొంచెం కోపం ఉంది, దాచను. నల్లకుంటలో అద్దె ఇల్లు, ముగ్గురు పిల్లలు, ఒంటి చేత్తో సంసారం ఈడ్చిన ఆయన భార్య, నాకు అక్కయ్య. మార్చి నుంచి జూన్ దాకా సార్ ఇంట్లో అన్నం తిన్న పూటలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. పెద్దమ్మాయి నిశ్చితార్థం నాడు కూడా బండిల్స్ దింపించి, సీళ్లు చూసి, మధ్యాహ్నానికి చేరుకున్నారు. ‘మీ సార్‌ను నాకంటే మీరే ఎక్కువ చూసిన్రు’ అని అక్కయ్య ఒకసారి నా చేతిలో పసుపు కుంకుమ పెడుతూ అంది. ఆ మాటకు జవాబు నా దగ్గర అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు.

కొడుకు డిగ్రీ పరీక్షలు రాసిన ఏడాది, పరీక్షలకు నెల ముందే తన కొడుకు రాస్తున్నాడని రాతపూర్వకంగా ఇచ్చి, తాళాలు పక్క సెక్షన్‌కు అప్పజెప్పి అకౌంట్స్‌కు వెళ్లి కూర్చున్నారు. ఆ మూడు నెలలూ మా గది గుమ్మం తొక్కలేదు. చాయ్‌కి కూడా వేరే దారిన పోయేవారు. అబ్బాయికి ఒక పేపర్ పోయింది. అందరిలాగే దినపత్రికలో హాల్ టికెట్ నంబర్ వెతుక్కుని, కనబడక, తండ్రికి చెప్పాడట. ‘సప్లిమెంటరీ ఫీజు ఎప్పటిదాక కట్టొచ్చో నోటీస్ బోర్డుల చూడు’ అన్నారట సార్. ఆ అబ్బాయే నాకు చెప్పాడు, ఏళ్ల తర్వాత. ‘నాకు అప్పుడు చాలా బాధైంది అక్కా. ఇప్పుడు నా పిల్లలకు ఆ సంగతే చెప్తున్న’ అన్నాడు.

కంప్యూటర్లు వచ్చేసరికి ఆయన రిటైర్మెంట్‌కు దగ్గర్లో ఉన్నారు. నేర్చుకోనక్కర్లేదని అందరూ అన్నా, సాయంత్రం ఆరు తర్వాత డేటా ఎంట్రీ పిల్లల పక్కన కుర్చీ వేసుకుని కూర్చునేవారు. ప్రింటవుట్‌ను రిజిస్టర్‌తో పోల్చే పని అప్పుడే పెట్టించారు. మెషీన్ తప్పు చేయదని ఆ పిల్లలంటే ‘ఎక్కించేది మనిషే కదా నాయనా’ అనేవారు.

2017 ఏప్రిల్ 26న శతాబ్ది ఉత్సవాలు మొదలయ్యాయి. రాష్ట్రపతి ప్రణబ్ ముఖర్జీ గారు వచ్చారు. క్యాంపస్ అంతా దీపాలు, పోలీసులు. డెబ్బై ఏడేళ్ల సార్ ఆ తర్వాత కొన్ని రోజులకు, జనం తగ్గాక, కొడుకు చెయ్యి పట్టుకుని మా బ్రాంచికి వచ్చారు. రికార్డు రూము తెరవమన్నారు. గడపకు దండం పెట్టి లోపలికి వచ్చి, ఒక అరలోంచి రిజిస్టర్ తీయించి, మధ్యలోకి తెరిచి చూశారు. ఎండిన వేపాకు పొడిపొడిగా రాలింది. ‘ఈ యేడుది పెట్టినవా?’ అని అడిగారు. ఇంకా లేదు సార్, వచ్చే నెల పెడతాం అన్నాను. ‘వానలకన్న ముందే’ అన్నారు.

నా రిటైర్మెంట్ 2020 మార్చి 31. లాక్‌డౌన్‌లో పడింది. ఆఫీసు మూత, బస్సుల్లేవు, శాలువా లేదు, పూలదండ లేదు. ముప్పై ఎనిమిదేళ్ల సర్వీసు ఇంట్లో కుర్చీలో కూర్చుని ముగిసిపోయిందే అని ఆ సాయంత్రం ఏడుపొచ్చింది. ఏడు గంటలకు ఫోన్ మోగింది. సార్. గొంతు బలహీనంగా ఉంది. శుభాకాంక్షలు చెబుతారేమో అనుకున్నాను.

‘తాళాలు ఎవరికిచ్చినవ్ బిడ్డా?’

నా దగ్గరే ఉన్నాయి సార్, ఆఫీసు తెరవగానే ఇస్తాను, చార్జి లిస్టు రాసి పెట్టాను అన్నాను.

‘లెక్కపెట్టి ఇయ్యి. సంతకం తీసుకో.’

జూన్‌లో వెళ్లాను. నా తర్వాత వచ్చిన అమ్మాయీ నేనూ మాస్కులు కట్టుకుని, కిటికీలు తెరిచి, అర తర్వాత అర లెక్కపెట్టాం. ఆ అమ్మాయి నంబర్లు ఇంగ్లీషులో చదవబోయింది. ఆపి, ఎలా చదవాలో చెప్పాను. మధ్యాహ్నం మూడింటికి అయింది. రెండు కాపీల మీద ఆ అమ్మాయి సంతకం తీసుకుని, వరండాలోకి వచ్చి సార్‌కు ఫోన్ చేశాను.

‘అన్నీ ఉన్నయా?’ అన్నారు.

‘ఉన్నయి సార్.’

‘మంచిది బిడ్డా. ఇంటికి పో.’